దుకాణంలో కొన్న గింజల నుంచి మొలిచిన మిరప మొక్కలు: జాతిని, రకాన్ని గుర్తించడం ఎలా?

ప్రశ్న: మిద్దెతోట, యలహంక

అందరికీ నమస్కారం. యలహంకలో మా ఇంటి మిద్దె మీద ఈసారి కుండీలన్నిటిలోనూ మిరపే వేశాను. గింజలు రెండు విధాలుగా సమకూరాయి. ఒకటి, సూపర్ మార్కెట్‌లో దొరికిన విత్తనాల పొట్లం. దాని మీద "ఘాటు మిరప, కలగలుపు" అని మాత్రమే అచ్చయి ఉంది, రకం పేరు ఎక్కడా లేదు. రెండవది, వంటకని కొన్న కాయలే: కె.ఆర్. మార్కెట్‌లో విడిగా తూచి అమ్మే ఎండుమిర్చి కొంత, ఈశాన్య రాష్ట్రాల సరుకులు అమ్మే ఒక చిన్న దుకాణంలో తెచ్చిన పండు మిరపకాయలు కొన్ని. ఏ గింజ ఎక్కడిదో కుండీల మీద రాసి పెట్టుకున్నాను కాబట్టి ఆ విషయంలో గందరగోళం లేదు. మొలిచినవి ఏ మిరపలో తెలుసుకోవడం ఎలాగన్నదే నా సందేహం.

ఇప్పుడు పూతలోనూ పిందెలోనూ ఉన్న మొక్కలను వర్ణిస్తాను. ఈశాన్య దుకాణపు పండు కాయల నుంచి వచ్చిన మొక్కకు ఆకులు వెడల్పుగా, ముడతలు ముడతలుగా ఉన్నాయి. ఒక్కొక్క కణుపు దగ్గర రెండు మూడు పూలు వేలాడుతున్నాయి, వాటి రంగు తెలుపు కాదు, లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు. పొట్లం గింజల నుంచి వచ్చిన వాటిలో ఒక మొక్క చిన్న చిన్న కాయలను ఆకాశం వైపు నిలబెట్టి కాస్తోంది. అదే పొట్లంలోని మరొక మొక్క నా నడుము దాటి పెరిగింది, దాని తెల్లటి రేకుల మొదట్లో పసుపుపచ్చ మచ్చలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఎండుమిర్చి నుంచి వచ్చినవన్నీ కణుపుకు ఒక తెల్లని పువ్వు చొప్పున పూసే మామూలు మొక్కలే. అయితే అన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నవి ఇవే. ఒకే ఎండుకాయలోని గింజలు వేసినా, ఒక మొక్కకు కాయ పొడవుగా, ముడతలు పడి ఉంది, పక్క మొక్కకు పొట్టిగా, నున్నగా ఉంది, మూడవది ఆ రెండింటికీ మధ్యస్థంగా ఉంది.

నా ప్రశ్నలు ఇవి. కాయ ఆకారాన్ని, రంగును బట్టి ఫలానా మిరప అని నిర్ణయించవచ్చా? అది చాలకపోతే మరి దేనిని చూడాలి? ఒకే కాయ గింజలు ఇన్ని తీరులుగా ఎందుకు కాస్తున్నాయి? వీటిలో నాకు నచ్చిన మొక్క గింజలను వచ్చే ఏటికి దాచుకుంటే మళ్ళీ అదే కాయ వస్తుందా? అనుభవం ఉన్నవారు కొంచెం వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: వృక్షశాస్త్రం, మల్లేశ్వరం

యలహంక వారికి నమస్కారం. మీరు కణుపుకు ఎన్ని పూలు ఉన్నాయో, రేకుల మీద మచ్చలు ఉన్నాయో లేవో గమనించి రాయడం వల్ల పని సగం తీరింది. ఇలాంటి ప్రశ్న అడిగేవారిలో ఎక్కువమంది కాయ ఫొటో ఒక్కటే పెడతారు. మిరపలో మనిషి వేల ఏళ్ళుగా ఎంపిక చేసి మార్చినది కాయనే కాబట్టి, జాతిని గుర్తించడానికి అన్నిటికంటే తక్కువగా నమ్మవలసినది కూడా కాయ ఆకారమే. బజ్జీ మిరప, బ్యాడగి, గుంటూరు సన్నం, గుండ్రంగా ఉండే రామనాథపురం ముండు, కూరకు వాడే క్యాప్సికమ్ ఇవన్నీ ఒకే జాతికి చెందినవంటే చూపుకు నమ్మశక్యంగా ఉండదు. పువ్వును మాత్రం తినడానికి ఎవరూ ఎంపిక చేయలేదు, అందుకే అందులో జాతి లక్షణం నిలిచి ఉంది.

సాగులో ఉన్న మిరప జాతులు ఐదు: యాన్యూమ్, ఫ్రూటెసెన్స్, చైనెన్సే, బకాటమ్, ప్యూబెసెన్స్. ఐదింటి పుట్టిల్లూ అమెరికా ఖండాలే. మన దేశానికి మిరప 16వ శతాబ్దంలో పోర్చుగీసుల ద్వారా వచ్చింది. చైనెన్సే అన్న పేరు చూసి అది చైనా నుంచి వచ్చిందని అనుకోవద్దు. 1776లో ఆ జాతికి పేరు పెట్టిన జాక్విన్ దాని మూలం చైనా అని పొరబడ్డాడు. పేరు అలాగే స్థిరపడిపోయింది.

ఇక మీ మొక్కల దగ్గరికి వస్తాను. ఉదయం పూట కొత్తగా విచ్చుకున్న పువ్వును చూడండి, వాడిన పువ్వులో రంగులు తేలవు. మొదట రేకుల మొదట్లో పసుపు లేదా ఆకుపచ్చ మచ్చలు ఉన్నాయా అని చూడాలి. ఉంటే అది బకాటమ్. ఆ జాతిలో పుప్పొడి తిత్తులు కూడా పసుపు రంగులో ఉంటాయి, మిగిలిన జాతులలో సాధారణంగా నీలం లేదా ఊదా ఛాయ కనిపిస్తుంది. పొట్లంలోని మీ పొడవాటి మొక్క బకాటమ్ అనడానికి ఈ వర్ణన చాలు. ఆ జాతి మొక్కలు బాగా ఎత్తు పెరుగుతాయి, కాబట్టి కర్ర ఊతం ఇవ్వండి. మూడు నాలుగు రెక్కలు విచ్చుకున్నట్లుండే కాయ వస్తే అది బిషప్స్ క్రౌన్ అనే రకం కావచ్చు, కానీ కాయ చూడకుండా ఆ మాట అనలేను.

పూర్తిగా ఊదా రంగు పూలు, నూగు పట్టిన ఆకులు, నల్లటి గింజలు ఈ మూడూ కలిసి ఉంటే ప్యూబెసెన్స్. ఇది ఆండీస్ పర్వతాల చల్లని వాతావరణానికి అలవాటుపడిన మొక్క. మిగిలిన నాలుగు జాతుల గింజలు ఎండుగడ్డి రంగులో ఉంటాయి. మీ వర్ణనలో ఊదా పూలు, నూగు ఆకులు ఎక్కడా లేవు కాబట్టి దీనిని పక్కన పెట్టవచ్చు.

మిగిలినవి మూడు. ఇవి దగ్గరి చుట్టాలు కావడం వల్ల తేడా పట్టడం కొంచెం కష్టం. కణుపుకు ఒకే పువ్వు, పాలవంటి తెలుపు అయితే సాధారణంగా యాన్యూమ్. లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు అయితే ఫ్రూటెసెన్స్ గాని చైనెన్సే గాని అవుతుంది. ఈ రెండింటినీ విడదీయడానికి కాయ ముదిరాక ముచ్చికను, అంటే కాయ తలకు టోపీలా అంటుకుని ఉండే పచ్చని భాగాన్ని చూడాలి. తొడిమ వచ్చి ముచ్చికతో కలిసే చోట దారం కట్టి బిగించినట్లు ఒక నొక్కు ఉంగరంలా చుట్టూ ఉంటే చైనెన్సే. ఆ నొక్కు లేకుండా తొడిమ నున్నగా ముచ్చికలో కలిసిపోతే ఫ్రూటెసెన్స్. ఫ్రూటెసెన్స్‌లో తొడిమ నిటారుగా లేచి ఉండి, పువ్వు మాత్రం దాని కొసన తల వంచి ఉంటుంది. పండిన కాయను పట్టుకుని మెల్లగా లాగితే ముచ్చిక మొక్కకే ఉండిపోయి కాయ ఊడి వస్తుంది. చైనెన్సేలో తొడిమలు కిందికి వేలాడతాయి, కణుపుకు రెండు నుంచి ఐదు వరకు పూలు రావచ్చు.

దీనిని బట్టి ఈశాన్య దుకాణపు మొక్క చైనెన్సే అని నా అభిప్రాయం. నాగాలాండ్, అస్సాం, మణిపూర్ ప్రాంతాలలో పండే రాజా మిర్చి, భూత్ జొలొకియా ఈ జాతివే. ఈ కుటుంబంలో ఫ్రూటెసెన్స్ జన్యువులు కూడా కొంత కలిసి ఉన్నట్లు జన్యు పరీక్షలలో తేలింది కాబట్టి, ముచ్చిక దగ్గర నొక్కు కొన్ని కాయలలో స్పష్టంగా, కొన్నిటిలో లీలగా కనిపించినా ఆశ్చర్యపోవద్దు. పది కాయలను చూసి ఎక్కువ వాటిలో ఏది ఉందో దానిని లెక్కలోకి తీసుకోండి.

నిలువు కాయల మొక్క విషయంలో తొందరపడవద్దని మనవి. కాయ ఆకాశం వైపు చూస్తే చాలు, అది ఫ్రూటెసెన్స్ జాతికి చెందిన కాంతారి అని, సూజి మెణసు అని బెంగళూరులో చాలామంది తేల్చేస్తారు. నర్సరీలలో అందానికి అమ్మే కుండీ మిరపలు గుత్తులు గుత్తులుగా నిలువు కాయలే కాస్తాయి, కానీ వాటిలో అధికభాగం యాన్యూమ్ జాతివి. పువ్వు తెల్లగా ఉందా, లేత ఆకుపచ్చగా ఉందా, పండిన కాయ ముచ్చిక వదిలి వస్తుందా లేదా అన్న రెండు విషయాలు చూసి మళ్ళీ రాయండి.

జవాబు: గుంటూరు రైతుబిడ్డ, మారతహళ్ళి

మల్లేశ్వరం మేడమ్ గారు జాతుల గురించి చెప్పినదానికి నేను చేర్చగలిగింది లేదు. అయితే జాతి తెలిసినంత మాత్రాన రకం తెలియదు, ఎండుమిర్చి కుండీల విషయంలో మీ చిక్కంతా రకం దగ్గరే ఉంది. మాది గుంటూరు జిల్లాలో మిరప పండించే కుటుంబం, ఉద్యోగరీత్యా ఇక్కడ ఉంటున్నాను. మార్కెట్‌లో ఎండుమిర్చికి పెట్టే పేర్ల సంగతి కొంత తెలుసు కాబట్టి రాస్తున్నాను.

దుకాణంలో "గుంటూరు" అని, "బ్యాడగి" అని రాసిన చీటీలు వ్యాపారపు తరగతులను తెలిపేవి. విత్తనం ఏమిటో అవి చెప్పవు. సన్నం అన్న మాట కిందికి కాయ పొడవు, రంగు, ఘాటు ఒక తీరుగా ఉన్న అనేక రకాలు వస్తాయి. 334 అని పిలిచేది గుంటూరు దగ్గరి లాం పరిశోధనా స్థానం నుంచి వచ్చిన ఎల్‌సీఏ 334. ఘాటు కోసం కొనేవారు తేజ అడుగుతారు. బ్యాడగి అసలు హావేరి జిల్లాలోని ఊరు పేరు, 2011లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందులో పొట్టిగా లావుగా ఉండే డబ్బి, సన్నగా పొడవుగా ఉండే కడ్డి అని రెండు తీరులు ఉన్నాయి. రంగు గాఢంగా ఉండి ఘాటు తక్కువగా ఉండడం దాని గుణం. ఇప్పుడు బ్యాడగిలాగే ముడతలు పడి ఎర్రగా ఎండే సంకర రకాలను మన ఆంధ్ర, తెలంగాణలలో కూడా విస్తారంగా పండిస్తున్నారు. ఆ కాయలు కూడా అదే పేరుతో బస్తాలకెక్కుతాయి. దుకాణదారు అబద్ధం చెబుతున్నాడని నా ఉద్దేశం కాదు. అతడికి కావలసినది వంటకు పనికివచ్చే పేరు, మీకు కావలసినది విత్తనం పేరు.

ఒకే కాయ గింజలు మూడు తీరులుగా కాయడానికి కారణం ఆ కాయ సంకర మొక్కది కావడమేనని నేను గట్టిగా అనుకుంటున్నాను. కంపెనీలు రెండు వేర్వేరు తల్లిదండ్రులను కలిపి తయారుచేసే ఎఫ్1 (మొదటి తరం సంకర) విత్తనం పొలంలో మొక్కలన్నిటినీ ఒకే అచ్చులో పెంచుతుంది. రైతుకు కావలసింది అదే. కానీ ఆ పొలంలో కాసిన కాయలోని గింజ రెండవ తరం. అందులో తాత, అమ్మమ్మల లక్షణాలు విడివిడిగా పంచుకుని వస్తాయి: కొన్ని మొక్కలు ఒకరి పోలిక, కొన్ని మరొకరి పోలిక, ఎక్కువ భాగం మధ్యస్థం. మీరు వర్ణించినది సరిగ్గా అదే.

మరొక కారణం కూడా ఉండవచ్చు. మిరప ప్రధానంగా తన పుప్పొడితోనే కాసే పంట అయినా, తేనెటీగలు తిరిగే చోట పరాయి పుప్పొడి చేరడం బాగానే జరుగుతుంది. ఈ రెండింటిలో ఏది జరిగిందో తెలుసుకోవడానికి ఒక మార్గం ఉంది. అదే కాయ గింజలు మరికొన్ని వేసి చూడండి. మొక్కలలో అధికభాగం ఒకే తీరుగా ఉండి, ఒకటి రెండు మాత్రమే తేడాగా వస్తే అది పరాయి పుప్పొడి పని. ఏ రెండు మొక్కలూ కలవకుండా అన్నీ చెదిరిపోతే తల్లి సంకరం.

వంటకు కొన్న ఎండుమిర్చితో మొలక శాతం కూడా ఒక సమస్య. ఎండలో ఆరబెట్టిన కాయ గింజ బాగానే మొలుస్తుంది, వేడి గాలి యంత్రాలలో ఎక్కువ వేడికి ఎండబెట్టినవి చాలా వరకు మొలవవు. తెల్లబారిన తాలు కాయల గింజలను అసలు వాడవద్దు, వాటిలో కాయకుళ్ళు తెగులు గింజతో పాటే వచ్చే ప్రమాదం ఉంది. పచ్చిమిర్చి గింజలు ముదరవు కాబట్టి వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. మరొక మాట, గుర్తించడానికని కాయలు కొనేటప్పుడు తొడిమ తీసినవి కొనకండి. మేడమ్ గారు చెప్పిన ముచ్చిక లక్షణమంతా ఆ తొడిమతోనే పోతుంది.

సూటిగా చెప్పాలంటే, మీరు కాయించిన ఎండుమిర్చికి బ్యాడగి అనో తేజ అనో పేరు పెట్టి ఇతరులకు విత్తనం పంచవద్దని నా విన్నపం. పేరు కలిసిన విత్తనమే కావాలంటే మీకు యలహంక నుంచి హెసరఘట్ట పెద్ద దూరం కాదు. అక్కడి భారత ఉద్యాన పరిశోధనా సంస్థ అర్క పేరుతో విడుదల చేసిన మిరపలలో అర్క లోహిత్ వంటి సూటి రకాలూ (గింజ దాచి వేసినా మళ్ళీ అదే తీరుగా కాసేవి) ఉన్నాయి, అర్క మేఘన వంటి సంకరాలూ ఉన్నాయి. గింజ దాచుకోవాలనుకునేవారు సూటి రకాన్నే అడిగి తీసుకోవాలి. పొట్లం విత్తనం కొంటే వెనుక వైపు రకం పేరు, మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, గడువు చూడండి. మిరపకు విత్తన ప్రమాణం ప్రకారం కనీస మొలక 60 శాతం. గింజకు గులాబీయో నీలమో రంగు పూసి ఉంటే అది శిలీంధ్రనాశక మందు, చేతికి తొడుగు లేకుండా తాకవద్దు, పిల్లలకు అందనివ్వవద్దు.

అడిగినవారి తిరుగు జవాబు: మిద్దెతోట, యలహంక

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ రోజు ఉదయం ఎండ రాకముందే పైకి వెళ్ళి పూలన్నిటినీ భూతద్దంతో చూశాను. పొడవాటి మొక్క పువ్వులో పుప్పొడి తిత్తులు పసుపుగానే ఉన్నాయి. నిలువు కాయల మొక్క పువ్వు తెల్లగా, ఏ ఛాయా లేకుండా ఉంది. పండిన కాయను లాగితే ముచ్చికతో సహా తెగి వచ్చింది. తొడిమ కూడా పువ్వు కాలంలో నిటారుగా కాక కొంచెం వంగి ఉంది. ఈశాన్య మొక్కకు ముదిరిన కాయలు ఇంకా కొన్నే ఉన్నా, వాటిలో నొక్కు స్పష్టంగా కనిపిస్తోంది.

దీనితో రెండు కొత్త సందేహాలు వచ్చాయి. ఇవన్నీ ఒకే మిద్దె మీద పక్కపక్కనే ఉన్నాయి కదా, ఈశాన్య మొక్క వంటి నాగా మిరప పుప్పొడి పడితే పక్కన క్యాప్సికమ్ ఉన్నా దాని కాయలు కారంగా మారిపోతాయని మా మామయ్యగారు అంటున్నారు. అది నిజమేనా? అలాగే ఈశాన్య మొక్క కొత్త చిగుళ్ళు ఈ మధ్య మరీ ముడుచుకుంటున్నాయి. ఆ ముడత దాని స్వభావమా, తెగులా అన్నది నాకు తేలడం లేదు.

జవాబు: బాల్కనీ కుండీలు, రాజాజీనగర్

మీ మామయ్యగారి మాట చాలా ఇళ్ళలో వినిపించేదే, కానీ ఈ ఏటి కాయ విషయంలో అది జరగదు. కాయ గోడ, లోపల గింజలు అంటుకొని ఉండే తెల్లటి పొర ఇవన్నీ తల్లి మొక్క శరీరమే. మిరపలో కారం పుట్టేది ఆ తెల్లటి పొరలో, గింజలో కాదు. కాబట్టి ఎవరి పుప్పొడి పడినా క్యాప్సికమ్ కాయ క్యాప్సికమ్‌గానే ఉంటుంది. మార్పు ఆ కాయలోని గింజలో దాగి ఉంటుంది. ఆ గింజను వచ్చే ఏడు నాటితే అప్పుడు కారపు కాయ రావచ్చు. కారం లేకపోవడం రెండు వైపుల నుంచీ వస్తేనే కాయ చప్పగా ఉంటుంది, ఒక వైపు కారం వచ్చినా ఆ కాయకు ఘాటు వస్తుంది. గింజ దాచుకునేవారికి మామయ్యగారి భయం ఆ విధంగా ఒక తరం ఆలస్యంగా నిజమవుతుంది.

దీనికి ఉపాయం ఉంది. విత్తనోత్పత్తి చేసేవారు రకానికీ రకానికీ మధ్య ధ్రువీకృత విత్తనానికైతే 200 మీటర్లు, దానికి ముందు తరమైన మూల విత్తనానికైతే 400 మీటర్లు దూరం పాటిస్తారు. మన మిద్దెల మీద అది కుదరదు కాబట్టి, విచ్చుకోబోయే మొగ్గలున్న ఒక చిన్న కొమ్మకు పలుచని వల గుడ్డ సంచీ తొడిగి మూతి కట్టేయండి. అప్పటికే విచ్చుకున్న పూలు, పిందెలు ఆ కొమ్మ మీద ఉంటే ముందే తుంచేయాలి. రోజూ ఉదయం కొమ్మను వేలితో మెల్లగా తట్టితే లోపలి పూలు తమ పుప్పొడితోనే పిందె కడతాయి. పిందె నిలిచాక సంచీ తీసి, ఆ కాయల తొడిమకు రంగు దారం కట్టండి. పూర్తిగా పండి కొంచెం మెత్తబడిన తరువాతనే కోసి, గింజలు తీసి నీడలో ఆరబెట్టి, గాలి చొరని సీసాలో చల్లని చోట పెట్టండి. అలా దాచిన గింజలు రెండు మూడేళ్ళ వరకు బాగానే మొలుస్తాయి.

రైతుబిడ్డ గారి మాటలో ఒక చోట మాత్రం నేను వేరుగా ఆలోచిస్తాను. పేరు తెలియని విత్తనానికి పెద్ద పేరు తగిలించి పంచకూడదన్నది అక్షరాలా నిజం. కానీ సంకరం రెండవ తరమని తెలిసినంత మాత్రాన ఆ మొక్కలను వదులుకోవలసిన పని లేదు. మూడు తీరులుగా కాసిన ఆ మూడింటిలో మీ వంటకు, మీ కుండీకి నచ్చినది ఏదో నిర్ణయించుకుని, దాని గింజలనే సంచీ కట్టి తీసి, వచ్చే ఏడు వీలైనన్ని మొక్కలు వేసి, మళ్ళీ అందులో నచ్చినదాని నుంచే తీసుకుంటూ పోతే, తరం తరానికీ తేడాలు తగ్గుతూ ఆరేడు తరాలకు దాదాపు నిలకడ వస్తుంది. మిరపకు కుండీలో ఏడాదికి ఒక తరం సులభం, జాగ్రత్తగా చూసుకుంటే రెండు కూడా సాధ్యమే. దానికి మీరే పేరు పెట్టుకోవచ్చు, మూలం ఏమిటో మాత్రం చీటీ మీద నిజాయితీగా రాయాలి: "కె.ఆర్. మార్కెట్ ఎండుమిర్చి, రెండవ తరం, పొట్టి కాయ" అన్నట్లు. అటువంటి చీటీ ఉన్న విత్తనాన్ని నేను సంతోషంగా తీసుకుంటాను.

ఇక చిగుళ్ళ ముడత సంగతి. చైనెన్సే ఆకు సహజంగానే ముడతగా ఉంటుంది, కానీ ఆ ముడత ఆకు అంతటా సమంగా ఉండి, ఆకు పెద్దదిగా పచ్చగా ఉంటుంది. ఆకు అంచులు పైకి లేచి దోనెలా ముడుచుకుంటే అది పై ముడత, తామర పురుగుల పని. అంచులు కిందికి తిరిగి, ఆకు కాడ సాగి, చిగురు ముదురు ఆకుపచ్చగా గిడసబారితే కింది ముడత, అది నల్లి వల్ల వస్తుంది. రెండూ కంటికి ఆనవు కాబట్టి చిగురును తెల్ల కాగితం మీద తట్టి భూతద్దంతో చూడండి. పూలలో నల్లటి సన్నని పురుగులు గుంపుగా కనిపిస్తే అవి నల్ల తామర పురుగులు కావచ్చు. మన దేశంలో ఈ పురుగును మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద గుర్తించారు. 2021లో తెలుగు రాష్ట్రాల మిరప రైతులను అది ఎంత నష్టపరిచిందో రైతుబిడ్డ గారికి నాకంటే బాగా తెలుసు. కుండీలలో అయితే ముడుచుకున్న చిగుళ్ళను తుంచి సంచీలో కట్టి పారేయడం, నీలి రంగు జిగురు అట్టలు వేలాడదీయడం, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె కలిపి సాయంత్రం ఆకు అడుగున తడిసేలా పిచికారీ చేయడం సరిపోతుంది. నల్లి అయితే లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం వాడండి, కానీ వేపనూనె కొట్టిన రోజులలో గంధకం కొట్టవద్దు, ఆకు మాడిపోతుంది. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు కూడా వద్దు.

జవాబు: వృక్షశాస్త్రం, మల్లేశ్వరం

యలహంక వారు చెప్పిన వివరాలతో నిలువు కాయల మొక్క యాన్యూమ్ అని ఇప్పుడు ధైర్యంగా చెప్పవచ్చు. తెల్లని పువ్వు, వంగిన తొడిమ, ముచ్చిక వదలని కాయ మూడూ ఒకే వైపు చూపుతున్నాయి. పొడవాటిది బకాటమ్, ఈశాన్య మొక్క చైనెన్సే. ఎండుమిర్చి మొక్కలు యాన్యూమ్, రకం పేరు లేనివి.

ఒక విషయం ప్రత్యేకంగా చెప్పాలి. రుచి చూసి రకం తేల్చుకుందామని ఎవరికైనా అనిపిస్తే, చైనెన్సే విషయంలో ఆ పని చేయవద్దు. భూత్ జొలొకియా 2007లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కినప్పుడు దాని ఘాటు 10,01,304 స్కోవిల్ యూనిట్లు (కారాన్ని కొలిచే ప్రమాణం). గుంటూరు సన్నం ఘాటు వేలల్లోనే ఉంటుంది. పైగా రుచి వల్ల తేలేది కూడా తక్కువే. నీరు తక్కువైనా, వేడి ఎక్కువైనా ఒకే మొక్క కాయలలోనే ఘాటు మారుతుంది. తప్పక చూడాలనుకుంటే చేతికి తొడుగు వేసుకుని, కాయ కొసన తెల్లటి పొర లేని చోట గోరంత ముక్క కోసి, పప్పులోనో పెరుగులోనో కలిపి చూడండి. కారం నీటిలో కరగదు, చేతికి అంటితే ముందు నూనె రాసి, తరువాత సబ్బుతో కడగాలి. కళ్ళు ముట్టుకోవద్దు.

చైనెన్సే మొక్క మీద కాయలు కావలసినన్ని పండాక, ముచ్చిక కనిపించేలా పక్క నుంచి తీసిన ఫొటోలు పెట్టండి. భూత్ జొలొకియా కాయ గరుకుగా, కొస సన్నగా సాగి ఉంటుంది. అదే ప్రాంతంలో పండే ఇతర చైనెన్సే రకాలలో కాయ నున్నగా, పొట్టిగా ఉండేవి కూడా ఉన్నాయి. పండిన కాయ రంగు, గరుకుదనం, కొస తీరు, లోపల గింజల అరలు ఎన్ని అన్న నాలుగు వివరాలు ఇస్తే, జాతి నుంచి రకం వైపు ఇంకొక అడుగు వేయగలుగుతాము. డిసెంబరు, జనవరిలలో బెంగళూరు రాత్రులు 15 డిగ్రీల దగ్గరికి దిగుతాయి. అప్పుడు ఈ జాతి పూలు రాలడం ఎక్కువ, కొత్తగా గింజలు వేసినా మొలక మూడు నాలుగు వారాలు పట్టవచ్చు. మీరు సంచీ కట్టే పని ఆ చలి ముదరకముందే పూర్తి చేసుకోండి.